చేపలకు, పడవలకు నీళ్ళ లెక్క

దసరాకు ఊరికొస్తే ఎవలు కలిసినా ఒక్కటే ముచ్చట, "ఆడ ఏం పని చేస్తవ్ రా?" సాఫ్ట్‌వేర్ అంటే అయిపోతది, ఇంక అడగరు, కానీ నాది సాఫ్ట్‌వేర్ కాదాయె. అమెరికాల డెన్వర్‌ల ఒక చిన్న కన్సల్టెన్సీల జీఐఎస్ పని, అంటే కంప్యూటర్ల మ్యాపులు చేసుడు, ఏడేండ్ల సంది నదుల మ్యాపులు గీస్తున్న. అదన్న పొలాలకు, పట్నాలకు పోయే నీళ్ళదా అంటే కాదు. చేపలకెంత కావాలె, పడవలు ఆడేటోళ్ళకెంత కావాలె, ఒడ్డు మీది చెట్లకెంత కావాలె, ఏ ఏట్ల ఏడికెళ్ళి ఏడిదాక, గదీ పని. నర్సంపేటల చాయ్ తాగుకుంట ఇది చెప్తే మా దోస్తుగాడు పడి పడి నవ్విండు, "డాలర్లిచ్చి నీతోని చేపలు లెక్కపెట్టిస్తున్నర్రా".

కొత్తల నేను గూడ గట్లనే అనుకున్న. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంల నీళ్ళ చట్టం ఏందంటే ముందొచ్చినోనిదే ముందు హక్కు, ఎవడు ముందు కాలువ తీసి నీళ్ళు వాడుకున్నడో వానికి సరిపోయినంకనే ఎనకటోనికి. రాష్ట్రం మొత్తంల పాత హక్కు శాన్ లూయిస్ పీపుల్స్ డిచ్ అనే కాలువది, 1852 నాటిది. (మా పాఖాల చెరువు గణపతిదేవుని కాలంల, 1213ల కట్టిండ్రంటరు, ఆ చట్టం ఈడ ఉంటే మా ముంగట ఎవడు నిలుస్తడు!) కిరికిరి ఎక్కడంటే, మొదట్ల నీళ్ళు ఏట్లకెళ్ళి బయటికి తీస్తేనే వాడుకున్నట్టు, ఏట్లనే ఉంచితే అది ఎవ్వని హక్కూ కాకుండె. అందుకే ఎండకాలం కొన్ని తావుల నది మొత్తం కాలువలల్లకే మళ్ళి రాళ్ళు తేల్తయి, కాయితం మీద అంతా సక్కగనే ఉంటది, చేపలే చస్తయి. 1973ల చట్టం తెచ్చి ఏట్ల పారే నీళ్ళకు గూడ హక్కు పెట్టుకునే అధికారం రాష్ట్ర నీళ్ళ బోర్డుకిచ్చిండ్రు, 2001ల కయాకులు (ఒక్కలిద్దరు కూసునే సన్న పడవలు) ఆడే తావులకు గూడ ఊర్లు హక్కు అడగొచ్చన్నరు. కానీ తేదీలు చూస్తే కొత్తవాయె, నూరేండ్ల కింది కాలువలోళ్ళ ఎనక లైన్ల ఆఖరికి నిలబడాలె.

2005ల ఇంకో చట్టంతోని తొమ్మిది బేసిన్ రౌండ్‌టేబుళ్ళు పెట్టిండ్రు, అంటే రైతులు, పట్నం నీళ్ళ ఆఫీసోళ్ళు, రాఫ్టింగ్ (గాలి పడవల మీద జోరు నీళ్ళల్ల పోవుడు) నడిపేటోళ్ళు, చేపలు పట్టేటోళ్ళు ఒక్కకాడ కూసోని మా నదికి ఏమేం కావాలె అని తేల్చుకునుడు. కావాలె అంటే సరిపోదు, ఏడ అనేది మ్యాపు మీద చూపియ్యాలె. మేం పరీవాహకాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తం, ఒక్కో ముక్కకు పన్నెండంకెల నంబర్, దాని మీద ట్రౌట్ చేప ఏడుంది, రాఫ్టులు ఏడ నడుస్తయి, బాతులు ఏడ దిగుతయి, లేయర్ మీద లేయర్ వేసుకుంట పోతం, ఎన్ని పడితే రంగు అంత ముదురుతది.

నా మొదటి మీటింగ్ల పరువు పోయింది. పెద్ద మ్యాపు బల్ల మీద పరిచిన, టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన వంగి చూసి ఒక నీలం గీత మీద వేలు పెట్టిండు, "ఈడ రాఫ్టు నడుస్తదని రాసినవ్, ఇది మా తాత తవ్విన కాలువ, నడుం లోతు గూడ ఉండది". డేటాల కాలువా ఏరూ ఒక్క తీరే గీతలుంటయి, కోడ్ చూడకుండనే గుంజుకున్న. అందరూ నవ్విండ్రు, ఆయన తప్ప. గప్పటి సంది ఏ గీత గీసినా ఆ నీళ్ళ పక్కన బతికేటోన్ని ఒకసారి అడగంది రంగు వెయ్యను.

ఈ ముచ్చట్లన్నీ బాపుకు చెప్తున్న. ఆర్కాన్సాస్ నదిల జూలై 1 సంది ఆగస్టు 15 దాక 700 క్యూసెక్కులకు తగ్గకుండ చూస్తరు, రాఫ్టుల కోసం, హక్కేం కాదు, అందరు ఒప్పుకొని పైన రిజర్వాయర్ల నుంచి ఇడిసేదే అన్న. బాపు మంచం మీద లేచి కూసున్నడు. "ఎస్సారెస్పీ కాలువ ఎప్పుడిడుస్తరా అని మేం పేపర్ చూసుకుంట కూసుంటే ఆడ పడవలాటకు 700 క్యూసెక్కులారా!" ఏం చెప్పాలె. పేపర్ల చూసే క్యూసెక్కే అది, సెకండుకు 28 లీటర్ల చిల్లర.

లాప్‌టాప్ల మా ఊరి చెరువు తీసి చూపెడితే ఆయనకు నచ్చలే. మందుల షాపు బిల్లు ఎనక్కి తిప్పి బాల్‌పెన్నుతోని కట్ట గీసిండు, రెండు తూములు, కొసకు మత్తడి. నడుమ ఒక గుండ్రం చుట్టిండు. "తూము గడప కిందికి నీళ్ళు దిగయి, గీ గుంత గట్లనే మిగుల్తది, ఎండకాలం బర్లకు, ముదిరాజోళ్ళ చేప పిల్లలకు. కట్టినోనికి తెల్వదనుకున్నవా?" అన్నడు, తర్వాత తానే, "ఇప్పుడైతే శిఖంల, చెరువు లోపట్నే, మోటర్లు పెట్టి గా గుంత గూడ గుంజుతున్నరు తియ్" అనుకుంట పెన్నుతోని గుండ్రాన్ని కొట్టేసిండు. నేను మళ్ళ గీయమన్న, ఉండాల్సింది రాయాలె గద మ్యాపుల. గీయలే.

అవ్వ వంటింట్లకెళ్ళి అరిచింది, "బతుకమ్మలేసే కాడ గూడ పెట్టుండ్రి!" ఎంత నీళ్ళుండాలె అవ్వా అన్న. "మోకాల్ల మట్టం. తక్కువైతే బురద, ఎక్కువైతే పోరగాండ్లు మునుగుతరు." రాఫ్టింగోళ్ళు గూడ గిట్లనే చెప్తరు, ఇంతకు తగ్గొద్దు ఇంతకు మించొద్దు అని, దాన్ని రాబట్టనీకె మేం సర్వేలు చేస్తం. ఎన్ని దినాలు అని అడిగిన. "సద్దుల నాడు పొద్దుగూకి ఉంటే సాలు, తెల్లారి నాకెందుకు." బిల్లు మీద బతుకమ్మలేసే మెట్లు గీసి పక్కన మోకాలు అని, సద్దులు అని రాసుకున్న. అవ్వ చేతులు కొంగుకు తుడుసుకుంట వచ్చి నేను రాసింది చూసింది.

"గిది రాసినందుకు నీకు జీతమిస్తర్రా?"