ఏడు మీటర్ల పైపు

శుక్రవారం, రాత్రి పదకొండు.

అమ్మ ఇప్పుడే పడుకుంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషీన్ నడుస్తోంది. గుర్రుమని ఒకటే రొద, మధ్యమధ్యలో బుస్సుమని గాలి వదలడం. మొదటి వారం ఈ చప్పుడుకి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇప్పుడు చప్పుడు ఆగితేనే నాకు మెలకువ వచ్చేస్తోంది.

పొద్దున్నంతా మామూలే. ఐదింటికి లేచి, ఆక్సిజన్‌కి తడి పట్టించే హ్యూమిడిఫయర్ సీసాలో పాత నీళ్ళు పారబోసి డిస్టిల్డ్ వాటర్ పోశాను. వారానికోసారి ఫిల్టరు కడగాలన్నారు, శుక్రవారం అని పెట్టుకున్నాను కాబట్టి అది తీసి కడిగి, ఆరాక మళ్ళీ బిగించాను. అమ్మ వేలికి ఆక్సీమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 91 శాతం చూపించింది. అమ్మకున్నది సీఓపీడీ, గాలిగొట్టాలు ఇరుకైపోయి ఆయాసం వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. దీనికి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలన్నారు డాక్టరు గారు. ఎదురింటి పిన్నిగారు వచ్చినప్పుడల్లా “ఆ రెండు లీటర్ల మీదే ఎందుకమ్మా, ఇంకొంచెం పైకి తిప్పితే ఆవిడకి హాయిగా ఉంటుంది కదా” అంటారు. సీఓపీడీ ఉన్నవాళ్ళకి ఆక్సిజన్ మరీ ఎక్కువిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మగతలోకి వెళ్ళిపోతారని ఆవిడకి ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. ప్రేమతోనే అంటారు. కానీ నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఎవరైనా ఆ నాబ్ ముట్టుకుంటారేమోనని నా భయం నాది.

దేవుడి దగ్గర దీపం నేనే పెట్టాను. ముక్కుకి ఆక్సిజన్ పైపు ఉన్న మనిషి దీపం దగ్గరికీ పొయ్యి దగ్గరికీ పోకూడదు. అమ్మ గదిలోంచే చేతులు జోడించి, నేను వత్తి సరిగ్గా ఎగదోశానో లేదో చూస్తూ ఉంటుంది. పైపు ఏడు మీటర్లు. మంచం దగ్గర్నుంచి బాత్రూమ్‌కి వస్తుంది, వంటింటి గుమ్మం దాకా వస్తుంది, వీధి వరండాకి మాత్రం రెండడుగులు తక్కువ. పొద్దుటి ఎండకి ఆ వరండాలో కూర్చుని సూర్యుడికి దణ్ణం పెట్టుకోవడం అమ్మకి ఏళ్ళనాటి అలవాటు. ఆదివారం అరసవల్లి ఎలాగూ మానేసింది. ఈ రెండడుగులు కూడా ఉంటే బాగుండును.

పదకొండున్నరకి ఆఫీసులో ఉండగా బీమా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, అమ్మ మెషీన్‌కి పెట్టిన క్లెయిమ్ గురించి. మీ క్లెయిమ్ పరిశీలించాం, చెల్లించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం. మొత్తం 52,400 రూపాయలు. కారణం ఒక్క వాక్యం: ఇంటి వాడకానికి కొన్న డ్యూరబుల్ మెడికల్ ఎక్విప్‌మెంట్ (మళ్ళీమళ్ళీ వాడే వైద్య పరికరాలు) పాలసీ షరతుల ప్రకారం మినహాయింపు.

ముందు కోపం రాలేదు. కళ్ళు మాత్రం ఆ ‘ఇంటి వాడకానికి’ అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. మిక్సీ, గ్రైండరు గురించి రాసినట్టుంది.

ఈ పాలసీ వెనక ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరినప్పుడు గ్రూప్ ఇన్సూరెన్సులో ఎవరో ఒక జంటనే రాయమన్నారు, కన్నవాళ్ళనైనా, అత్తమామలనైనా. అటొకరు ఇటొకరు కుదరదన్నారు. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆఖరికి మా ఆయనే, “మా అమ్మావాళ్ళకి విడిగా తీసుకుందాం, మీ అమ్మకి ఆయాసం ఉంది, విడిగా ఎవరూ ఇవ్వరు, ఇందులో మీవాళ్ళని రాయి” అన్నారు. ఆమదాలవలసలో ఉన్న మా అత్తగారికి ఈ విషయం తెలుసు. ఒక్కనాడూ మాట అనలేదు. అందుకే ఇవాళ ఆ మెయిల్ నాకొక్కదానికే వచ్చినట్టు అనిపించలేదు.

మధ్యాహ్నం అన్నం మానేసి పాలసీ పత్రం మొత్తం చదివాను. చేరినప్పుడు చదవాల్సింది. చివర్లో, బీమా వర్తించని 68 వస్తువుల పట్టిక ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన పట్టికే అది, దాదాపు అన్ని పాలసీల్లోనూ ఉంటుందట. నెబ్యులైజర్ కిట్, స్పేసర్, ఆక్సిజన్ మాస్కు, థర్మామీటరు, డైపర్లు, నీళ్ళ పరుపు, నడవడానికి ఊతమిచ్చే వాకర్, ఆసుపత్రి బయట వాడే ఆక్సిజన్ సిలిండరు. చదువుతుంటే అమ్మ గదిలో ఉన్న వస్తువులు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. అంతకుముందు అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పటి బిల్లులో 9,740 ఎందుకు కోసేశారో అప్పుడర్థమైంది. ఈ పట్టికలోవి ఇప్పించే రైడర్లు, అంటే పాలసీకి అదనంగా కొనుక్కునేవి, కూడా ఉంటాయట, కాకపోతే అవి ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులకే. మా మెషీన్ పేరు, కాన్సెంట్రేటర్ అన్న మాట, ఈ పట్టికలో లేదు. అది మరో పేజీలో, మినహాయింపుల్లో, నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళు వాడే సీపాప్ మెషీన్ పక్కన ఉంది.

నా ఆశంతా 60 రోజుల మీద పెట్టుకున్నాను. డిశ్చార్జి అయ్యాక 60 రోజుల దాకా అదే జబ్బుకి అయ్యే ఖర్చు ఇస్తామని రాసి ఉంది కదా, మెషీన్ కొన్నది మూడో రోజున. టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి ఆ అమ్మాయితో ఇదే అన్నాను. మర్యాదగా మాట్లాడింది, నా కూతురి ఈడుండొచ్చు. “మేడమ్, మందులు, పరీక్షలు, కన్సల్టేషన్ అయితే వస్తాయి. ఎక్విప్‌మెంట్ రాదండి.” మరి ఇంట్లో వైద్యం అన్న సెక్షన్ ఉంది కదా అన్నాను. ఆసుపత్రికి కదల్చలేని పరిస్థితిలోనో, అక్కడ మంచం దొరకనప్పుడో అయితేనే అది వర్తిస్తుందట. పైగా ఆ సెక్షన్ కిందే ఆస్తమా, బ్రాంకైటిస్ వర్తించవని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. నాకు జవాబు చెప్పాల్సిన మనిషి ఆ అమ్మాయి కాదు.

ఎనిమిది రోజులు వార్డులో గోడలోంచి వచ్చిన ఆక్సిజన్‌కి డబ్బు కట్టారు. రోజుకింతని బిల్లులో ఉంది, ఒక్క రూపాయి కొయ్యలేదు. ఇంటికొచ్చాక కూడా అదే జబ్బు, అదే డాక్టరు, నిమిషానికి అదే రెండు లీటర్లు. మామూలు గాలిలో అమ్మకి 84. డిశ్చార్జి సమ్మరీలో స్పష్టంగా రాశారు, ఇంట్లో రోజుకి కనీసం 16 గంటలు ఆక్సిజన్ మీద ఉండాలని. మెషీన్ లేకపోతే మళ్ళీ అడ్మిట్ అవ్వాల్సిందే. అప్పుడు వాళ్ళు కట్టే రెండు రోజుల బిల్లుతో ఈ మెషీన్ సగం వస్తుంది. ఇది కోపంతో అంటున్నది కాదు, కాగితం మీద లెక్కేసి చూశాను.

సాయంత్రం పర్మిషన్ తీసుకుని శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆటో ఎక్కి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. గంటంపావు కూర్చున్నాను. ఆయన ఉత్తరం రాసిచ్చారు: ఇది సౌకర్యం కోసం కాదు, చికిత్సలో భాగం, ఆపితే ప్రాణానికి ప్రమాదం అని. రాస్తూ, “ఇస్తారని నమ్మకం పెట్టుకోకమ్మా, కానీ అడగడం మానకు” అన్నారు. సర్టిఫికెట్‌కి 200 తీసుకున్నారు కౌంటర్లో. ఆ పట్టికలో సర్టిఫికెట్ చార్జీలు కూడా ఉన్నాయని గుర్తొచ్చింది.

ఆరున్నరకి ఇంటికొచ్చాను. చెప్పులు విడుస్తుండగానే తెలిసిపోయింది. చప్పుడు లేదు.

పరుగెత్తాను. కరెంటు ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. అమ్మ పైపు మెడలోకి దించుకుని మంచం మీద కూర్చుని, మునగాకు దూస్తోంది. పెదాలు నల్లబడ్డాయి. వేలికి పెట్టి చూస్తే 83.

“ఏటీ లేదే, నాకు ఆయాసం లేదు. ఊరికే కరెంటు కాల్తంది కదాని సిటికెడుసేపు ఆపినాను” అంది. ఆ మాటలు చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది.

మెషీన్ వేసి, పైపు సర్ది, పక్కన కూర్చున్నాను. 84, 86, 89 అయ్యేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆరా తీస్తే రోజూ మధ్యాహ్నం నేనూ మా ఆయనా లేనప్పుడు రెండేసి గంటలు ఆపేస్తోందని తేలింది. కరెంటు లెక్క ఎవరో చెప్పారట. లెక్క తప్పేం కాదు. 350 వాట్లు, 16 గంటలంటే రోజుకి ఐదున్నర యూనిట్ల పైనే. నెల బిల్లులో వెయ్యికి పైమాటే తేడా వచ్చింది. కానీ నేను అమ్మకి ఆ లెక్క రాకూడదనే, బీమా కంపెనీవాళ్ళే అన్నీ ఇస్తున్నారని చెప్పాను. అలా చెప్తేనే మెషీన్ ఇంట్లోకి రానిచ్చింది. కూతురి సొమ్ముతో కూతురింట్లో ఊపిరి పీల్చుకోవడం అమ్మకి నామోషీ. అన్నయ్య లేడు, నాన్న లేరు, నేను తప్ప ఎవరూ లేరు, అయినా నామోషీనే.

ఇవాళ దాచలేకపోయాను. చెప్పేశాను. కంపెనీ ఇవ్వనంది అని.

కొంచెంసేపు ఆకు దూయడం ఆపింది. “ఆసుపత్రిలో ఇచ్చినారు కదే ఆలే?”

ఇచ్చారన్నాను.

“మరి ఆడున్నప్పుడే ఊపిరా? ఇంటికొస్తే ఊపిరి కాదేటి?”

మధ్యాహ్నమంతా నేను వెతుక్కున్న మాట అది. పాలసీ పేజీలు తిరగేస్తూ, ఫోన్లో సెక్షన్ నంబర్లు చెప్తూ నేను అడగలేకపోయిన ప్రశ్న అమ్మ ఆకు దూస్తూ అడిగేసింది.

అమ్మ చుట్ట ముట్టిన మనిషి కాదు. పలాసలో జీడి బట్టీలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. పిక్కలు కాల్చే పొగలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, ఇంటికొచ్చాక తాటాకులూ సరుగుడు పుల్లలూ పెట్టిన పొయ్యి ముందు. ఆ కూలితోనే నన్ను డిగ్రీ చదివించింది. డాక్టరు గారు ఎక్స్‌రే చూపించి, బీడీ చుట్ట లేకపోయినా పొగ పొగేనమ్మా అన్నారు. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబర్లో ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేక ఆ చీకట్లో అమ్మ ఒక్కతే ఉంది. అప్పటికి ఆయాసం ఇంత లేదు. ఇప్పుడు తుపాను హెచ్చరిక వింటే నాకు మొదట గుర్తొచ్చేది ఇన్వర్టరు. మాదానికి 150 ఏహెచ్ బ్యాటరీ, మెషీన్ పెడితే మూడు గంటలు వస్తుందేమో. ఆ తర్వాత మూల నిలబెట్టిన బీ టైపు ఆక్సిజన్ సిలిండరు, రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు. అది అద్దెకి తెచ్చాం. అదీ రాదు బీమాలో.

భోజనాలయ్యాక ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన ఆంధ్రా కేసులు అక్కడికే వెళ్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోపు వేసుకోవాలి. 155255కి ఫోన్ చేసినా ఐఆర్‌డీఏఐ వాళ్ళు ఫిర్యాదు రాసుకుంటారు. షరతులో నల్లటి అక్షరాలతో ఉన్నదాన్ని ఎవరు మార్చగలరో నాకు తెలియదు, గెలుస్తానని కూడా అనుకోవడం లేదు. క్లాజు నంబరు అడిగాను, ఆ తిరస్కరణని వాళ్ళ క్లెయిమ్స్ రివ్యూ కమిటీ చూసిందో లేదో అడిగాను. చూడకుండా తిరస్కరించకూడదని ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్‌లో ఉంది. చివర్లో అమ్మ ప్రశ్న ఉన్నదున్నట్టు రాశాను, ‘ఏటి’ని ‘ఏమిటి’ చెయ్యకుండా.

మెయిల్ పంపేస్తే సరిపోతుంది. కానీ స్పీడ్ పోస్టులో కూడా పంపుదామని మా ఆయన ప్రింటు తీసుకొచ్చారు. పాలసీ నా పేరు మీదిది, సంతకం నాదే. నేను పెడుతుంటే అమ్మ చూసి, “నానూ ఎట్టనా?” అంది.

అవసరం లేదని చెప్పబోయి ఆగిపోయాను. జీడి నూనెకి అమ్మ వేళ్ళ మీద గీతలు ఏనాడో చెరిగిపోయాయి. పింఛన్‌కి, రేషన్‌కి వేలిముద్ర పడక ఎన్ని లైన్ల నుంచి వెనక్కి వచ్చిందో. అలా విసిగిపోయే అరవై దాటాక నా కొడుకు పలక మీద పేరు రాయడం నేర్చుకుంది.

పెన్ను ఇచ్చాను. కాగితం కింద పుస్తకం పెట్టాను. పైపు చేతికి అడ్డొస్తుంటే భుజం వెనక్కి వేసుకుని, ఒక్కో అక్షరానికీ ఊపిరి తీసుకుంటూ నా సంతకం కింద తన పేరు రాసింది. చివరి అక్షరానికి కొమ్ము మర్చిపోయి మళ్ళీ పెట్టింది. తర్వాత ఇవాళ తారీఖు ఎంతని అడిగి, అదీ వేసింది.

రేపు శనివారం. పోస్టాఫీసు మధ్యాహ్నం దాకానే. దారిలో మెషీన్ కొన్న షాపులో పది మీటర్ల పైపు ఉందేమో అడగాలి.