తెల్ల అక్షరాలు గులాబీ రంగుకి తిరిగాయి: టీషర్టుల ప్రింటింగ్‌తో నా అనుభవం

మా రన్నింగ్ గ్రూపుకి టీషర్టులు వేయించే పని నా నెత్తిన పడింది. నిన్నటితో ఎలాగో ముగిసింది. ఒళ్ళుమంట మాత్రం ఇంకా తగ్గలేదు.

పద్ధతి ఎంచుకోవడం తేలిగ్గానే అయిపోయింది. మాది ముదురు ఎరుపు పాలిస్టర్ బట్ట, తెల్ల అక్షరాలు. సబ్లిమేషన్‌లో, అంటే రంగుని వేడితో ఆవిరి చేసి బట్టలోకి ఎక్కించే పద్ధతిలో, తెల్ల ఇంకు ఉండదు, లేత రంగు బట్ట మీదే నప్పుతుంది. డీటీజీ, అంటే బట్ట మీదే నేరుగా ఇంకు చల్లే ప్రింటింగ్, కాటన్‌కి బాగుంటుంది. డీటీఎఫ్, అంటే ఫిల్మ్ మీద ప్రింట్ చేసి వేడితో బట్టకి అతికించేది, ఏ బట్టకైనా అంటుకుంటుంది గానీ పెద్ద బొమ్మ వేస్తే గాలి ఆడదు. దాన్ని వేసుకుని పరిగెత్తినవాళ్ళకే తెలుస్తుంది ఆ చెమట. స్క్రీన్ ప్రింటింగ్‌కి, అంటే సన్నటి జాలీ గుండా ఇంకు అద్దే పద్ధతికి, రంగుకో స్క్రీన్ కావాలి. మాది ఒకటే రంగు, షర్టులేమో బోలెడు. అదే ఖాయం చేశాం.

వచ్చినప్పుడు అక్షరాలు పాలలా ఉన్నాయి. పంచేలోపు, పెట్టెలో ఉండగానే గులాబీ రంగుకి తిరిగాయి! పట్టుకెళ్తే ప్రింటరు "వేడినీళ్ళలో ఉతికుంటారు మేడమ్" అన్నాడు. మడత కూడా విప్పని షర్టు బల్ల మీద పెట్టాను. "అయితే ఎండలో పెట్టుంటారు" అని, పనివాడి వైపు తిరిగి "ఉతకడం కూడా మనమే నేర్పాలిరా" అంటూ నవ్వాడు. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

ఇంటికొచ్చి ఒక తెల్ల పాలిస్టర్ ముక్కని ఆ షర్టు మీద పరిచి, పైన కాగితం వేసి, ఇస్త్రీ పెట్టె బాగా వేడిచేసి అదిమి పట్టాను. ముక్క గులాబీ అయింది. నీళ్ళూ లేవు, ఎండా లేదు. పాలిస్టర్‌కి వేసే రంగు వేడికి ఆవిరై పైకి లేస్తుంది. సబ్లిమేషన్ నడిచేదే ఆ గుణం మీద. స్క్రీన్ ప్రింటింగ్‌లో వాడే మామూలు ప్లాస్టిసాల్ (ప్లాస్టిక్ లాంటి) ఇంకు గట్టిపడాలంటే 160 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాలి. ఆ వేడికి బట్టలోని ఎరుపు కదిలి తెల్ల ఇంకులోకి ఎక్కింది. ఒక్కోసారి అది బయటపడటానికి రోజులు పడుతుంది. తక్కువ వేడికి గట్టిపడే ఇంకు వాడినా, తెలుపు కింద బూడిద రంగు అడ్డుపొర వేసినా ఈ గొడవ చాలావరకు ఉండదు. ఇది తెలియాల్సింది నాకా, అతనికా?

ఆ ముక్క చూపించాక షాపులో ఒక్కరూ నవ్వలేదు. పనివాడే మెల్లిగా "నిజమే అన్నా" అన్నాడు.

ఇంకోచోట మళ్ళీ వేయించాను. అక్కడ అడిగిన మొదటి మాటే "బట్ట ఏంటి?" అని. ఆ మాట అడగని షాపులో అడ్వాన్సు ఇవ్వకండి. శాంపిల్ ఒకటి వేయించుకుని, చూసిన రోజే సరే అనకుండా కొన్నాళ్ళు పక్కన పెట్టండి. పాత ప్రింటరు సగం డబ్బు తిరిగిచ్చాడు. మిగతా సగం ఇచ్చేదాకా నేను వదిలేది లేదు.