ఏడో నంబరు ఫిడేలు

మన సంగీతం కాలేజీ వయొలిన్ గదిలో కిటికీ లేని గోడకి ఆనించి ఒక చెక్క బీరువా ఉండేది, గుర్తుందా? తలుపు తీస్తే కమానుకి రాసే రోజిన్ పొడి, పాత చెక్క, కాస్త బూజు కలిసిన వాసన గుప్పున కొట్టేది. అందులో 11 ఫిడేళ్ళు. ఒక్కో పెట్టె మీద తెల్ల పెయింటుతో ఒక్కో అంకె. సొంత వాయిద్యం లేని వాళ్ళకి చేరిన రోజే ఒక నంబరు ఇచ్చేసేవారు. కోర్సు అయ్యేదాకా ఇక అదే. నాకు ఏడు వచ్చింది. నాకు ముందు దాన్ని వాయించిన అక్క పెట్టె చేతికిస్తూ "మధ్యమం దగ్గర కొంచెం చూసుకో" అంది. ఏం చూసుకోవాలో చెప్పలేదు.

మర్నాడే తెలిసింది. షడ్జమం తీగ మీద వేలు మధ్యమం, అంటే 'మ' దగ్గర పడగానే లోపల ఎక్కడో జుయ్యిమనేది, రేకు డబ్బాలో తేనెటీగ ఇరుక్కున్నట్టు. రిషభానికి లేదు, గాంధారానికి లేదు, పంచమానికి వెళ్తే మాయం. ఒక్క మధ్యమానికే. అందరికీ మొదట నేర్పే సరళి స్వరాల మొదటి వరుసలో మధ్యమం ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి వస్తుంది. అంటే వరుస వాయించిన ప్రతిసారీ రెండుసార్లు నా తేనెటీగ క్లాసందరికీ వినపడేది. పక్కన కూర్చున్న వాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. మీలో ఎవరెవరో నాకు బాగా గుర్తుంది, పేర్లు రాయను.

వారం తిరక్కుండానే ఒక ఉపాయం కనిపెట్టాను. మధ్యమం మీద వేలు నిలపకుండా కొంచెం ఊపితే ఆ జుయ్యి వినపడదు. స్థిరంగా నిలబడితేనే లోపలిది అందుకుంటుంది, కదిలిపోతుంటే అందుకోలేదు. హమ్మయ్య అనుకున్నాను. మాస్టారు అనుకోలేదు.

"నిలపమంటే ఊపుతావేంరా? సరళి స్వరాలకే గమకాలా?"

ఫిడేలు అలా ఉంది మాస్టారూ అన్నాను. ఆయన దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుని అంచు వెంబడి చూపుడు వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చారు. టక్, టక్, టక్, టక్... నడుము దగ్గరికి వచ్చేసరికి టప్. మళ్ళీ అక్కడే కొట్టి చూపించారు. టప్. "ఇక్కడ అతుకు విడిచింది" అన్నారు.

ఫిడేలు పై పలకని, పక్క పట్టీలని అతికించే బంక జంతువుల చర్మం మరిగించి చేసేదట. దాన్ని కావాలనే మరీ గట్టిగా లేకుండా వేస్తారట. గాలి పొడిబారి చెక్క ముడుచుకున్నప్పుడు ఏదో ఒకటి ఓడిపోవాలి కదా, చెక్క పగిలేకంటే బంక ఊడటం నయం. ఊడిన చోట మళ్ళీ అతికిస్తే సరిపోతుంది, పగిలిన పలకకి అంత తేలిక వైద్యం లేదు. అంతా విని "మరి అతికించెయ్యచ్చు కదండీ" అన్నాను. మరమ్మతు చేసే ఆయన ఏడాదికోసారి వస్తాడు, అప్పటిదాకా దీంతోనే అన్నారు మాస్టారు. "ఎక్కడ కరుస్తుందో తెలిసిన కుక్కతో భయమేముంది?"

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆ మరమ్మతు చేసే ఆయన వచ్చాడు. రెండో ఏడాది పరీక్షలకి సరిగ్గా వారం ముందు. మాస్టారు క్లాసులో నిలబడి ఎవరి ఫిడేలుకి ఏం రోగముందో చెప్పమన్నారు. మూడో నంబరుకి బిరడాలు జారుతున్నాయి, తొమ్మిదికి తీగల్ని మోసే బ్రిడ్జి వంగింది. నా వంతు వచ్చింది. ఏడో నంబరుకి ఏమీ లేదండీ అన్నాను. మాస్టారు ఒక్క క్షణం నా వైపు చూసి ఎనిమిదో నంబరుని పిలిచారు.

భయం వేసింది, అంతే. అప్పటికి ఆ ఫిడేలు మీద నా వేళ్ళకి అన్నీ తెలుసు. తీగని ఎంత నొక్కితే జుయ్యిమంటుందో, కమాను బ్రిడ్జికి ఎంత దగ్గరగా లాగితే అనదో తెలుసు. ఊపకుండా మధ్యమాన్ని నిలపడం కూడా వచ్చేసింది, ఒక వెంట్రుకవాసి తేలిగ్గా. పైగా లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే ఆ చిన్న పుల్ల సంగతి మాస్టారే చెప్పారు. ఫ్రెంచివాళ్ళు, ఇటలీవాళ్ళు దాన్ని 'ఆత్మ' అనే పిలుస్తారట. అది కాస్త పక్కకి జరిగితే ఫిడేలు గొంతే మారిపోతుందన్నారు. పరీక్షకి వారం ముందు ఎవరో వచ్చి నా ఫిడేలు ఆత్మని కదిలిస్తే?

ఆ పిరికితనం ఎంతెంత వాళ్ళకి ఉందో తర్వాత చదివి తెలుసుకున్నాను. కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్‌కి ఒక కుర్చీ ఉండేది. మడత కుర్చీ కాళ్ళు కోసి వాళ్ళ నాన్న చేసిచ్చింది. నేల నుంచి 14 అంగుళాల ఎత్తు. ప్రపంచమంతా దాన్నే మోసుకు తిరిగాడు. మెత్త చిరిగి చిరిగి చివరికి కూర్చునే చోట ఉత్త చట్రం మిగిలింది. అయినా వేరేది ముట్టలేదు. దాని కిర్రు చప్పుడు ఆయన రికార్డుల్లోకి కూడా ఎక్కింది. కొత్త కుర్చీ కొనలేకనా? ఆ ఎత్తులో కూర్చుంటేనే ఆయన చేతులు ఆయన చేతులు. ఆయనకి ఇష్టమైన స్టైన్‌వే పియానో ఒకటి ఉండేది, దాని నంబరు సీడీ 318. 1971లో తరలించేటప్పుడు కింద పడి లోపలి ఇనప చట్రం విరిగింది. బాగు చేయించారు. కానీ మునుపటి స్పర్శ మళ్ళీ రాలేదు. ఇది చదివిన రోజు, ఆ రెండో ఏడాది అబద్ధం గురించి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మాస్టారి దగ్గర మంచి ఫిడేలే ఉండేది. దాన్ని అడిగిన వాళ్ళకి ఇచ్చేసేవారు, కచేరీకి కూడా. కమాను మాత్రం ఎవరికీ ఇవ్వరు. దాని పట్టు దగ్గర తోలు ఎప్పుడో ఊడిపోతే సైకిల్ హ్యాండిల్‌కి చుట్టే టేపు లాంటిది చుట్టుకున్నారు. బొటనవేలు ఆనే చోట చెక్క అరిగి చిన్న గుంట పడింది. ఒకసారి ఆయన లేనప్పుడు తీసి పట్టుకున్నాను. నా వేలు ఆ గుంటలో ఇమడలేదు, పక్కకి జారిపోయింది. వేరే వాళ్ళ చెప్పులో కాలు పెట్టినట్టు అనిపించి గబుక్కున పెట్టేశాను. కమాను వెంట్రుకలు ఎన్నిసార్లు మార్పించారో ఆయనకే లెక్క లేదు. మిగిలేది ఆ కర్ర ఒక్కటే. మంచి కమాన్ల కర్ర బ్రెజిల్‌లో పెరిగే పెర్నంబుకో చెట్టుది. ఆ చెట్టు తరిగిపోతోందని 2007 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. మాస్టారి దృష్టిలో అది ముఖ్యమైన కారణం కాదులెండి. "ఫిడేలు పాడుతుందిరా, ఊపిరి తీసేది ఇది" అనేవారు.

వాద్యం అంతా మారిపోయినా దాన్ని వదలనట్టే లెక్కా? ఈ ప్రశ్న మన మృదంగం వాడితో పెట్టుకున్నాను. (వాడు కూడా ఈ సంచికకి రాస్తానన్నాడు, రాయడు.) మృదంగానికి మూతలు మారతాయి, వార్లు మారతాయి, నల్ల మచ్చ మళ్ళీ మళ్ళీ వేయించాలి. మిగిలేది పనస కట్టె. వాడు ఆ కట్టె కూడా రెండుసార్లు మార్చాడు. అలాంటప్పుడు నువ్వు వదలనిది ఏదిరా అంటే, సంచీలోంచి రాయి తీసి చూపించాడు. శ్రుతి చేసేటప్పుడు అంచున అల్లిన తోలు మీద చెక్క ముక్క ఆనించి కొడతారే, ఆ రాయి. మన హాస్టల్ వెనక ఏరుకున్నదట. గుప్పెట్లో పట్టేంత, ఒకవైపు చదును, ఇంకోవైపు బొటనవేలికి సరిపడే పల్లం. అదే రాయి ముప్ఫై ఏళ్ళుగా.

ఒకసారి విమానాశ్రయంలో దాన్ని ఆపేశారు. చేతి సంచీలో రాయి ఎందుకని అడిగితే, శ్రుతి చేసుకోవడానికి అన్నాడట. రాయితో శ్రుతి ఏమిటని వాళ్ళకి అర్థం కాలేదు, వీడు అక్కడే తాళం వేసి చూపించబోయాడు, అదింకా పెంచింది. చివరికి వెనక్కి పరిగెత్తి సామాను కౌంటర్‌లో బట్టల పెట్టె మళ్ళీ తెరిపించి అందులో పెట్టించాడు. విమానం తప్పిపోయేదే. ఇంకో రాయి దొరకదా అని అడిగితే వాడు నా మీద కోప్పడ్డాడు. "నీకు ఇంకో మధ్యమం దొరుకుతుందా?"

అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ కథ వాడికి చెప్తే నచ్చింది. 1949 చలికాలంలో అమెరికాలోని అర్కన్సాలో ట్విస్ట్ అనే ఊళ్ళో ఒక డాన్సు హాల్లో వాయిస్తుంటే ఇద్దరు కొట్టుకుని, చలి కోసం కిరోసిన్ పోసి మండిస్తున్న పీపాని తన్నేశారు. హాలు అంటుకుంది. బయటికి పరిగెత్తిన కింగ్, గిటారు లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చి మళ్ళీ మంటల్లోకి వెళ్ళి తెచ్చుకున్నాడు. ఆ ఇద్దరూ కొట్టుకున్నది లూసిల్ అనే అమ్మాయి కోసమని తర్వాత తెలిసింది. ఇంకెప్పుడూ ఇంత మూర్ఖపు పని చెయ్యకూడదని గుర్తుండటానికి గిటారుకి ఆ పేరే పెట్టుకున్నాడు. అయితే లూసిల్ ఒక్క గిటారు కాదు. ఆ తర్వాత ఆయన వాయించినవాటికీ అదే పేరు. అంటే కర్ర మారింది, తీగలు మారాయి, పేరు నిలిచింది. "నా రాయిలాగే" అన్నాడు మృదంగం వాడు. ఈ లెక్క సరైనదో కాదో కానీ వాడితో వాదించలేను.

అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ మాత్రం అలా కాదు, ఒకటే గిటారు. 1969 నుంచి. పేరు ట్రిగర్. నైలాన్ తీగల గిటారు అది, వేళ్ళతో మీటడానికి చేసింది. కాబట్టి పై పలక గీసుకోకుండా వేసే ప్లాస్టిక్ బిళ్ళ దానికి ఉండదు. ఈయన పిక్ పెట్టి వాయించాడు. ఏళ్ళ తరబడి గీసి గీసి పలకకి ఇంకో పెద్ద బొక్క పడింది. ఫొటో చూడగానే నా వేలి కణుపు టప్‌మన్నట్టయింది.

నేను మాత్రం ఒకదాన్ని వదిలేశాను. చదువయ్యాక కొనుక్కున్న మొదటి సొంత ఫిడేలు. ఉద్యోగం వచ్చి ఇంకా మంచిది కొనుక్కోవాలన్న ఆశతో పాతది ఒక కుర్రాడికి అమ్మేశాను. అమ్మేటప్పుడు నిజాయితీగా, రెండో బిరడా జారుతుందమ్మా, సుద్దముక్క రుద్దుకుంటూ ఉండు అని కూడా చెప్పాను. కొత్తదానికి ఏ లోపమూ లేదు. ఆరు నెలలు వాయించాను, ఎప్పుడూ ఎదుటివాళ్ళ ఇంట్లో సోఫా అంచున కూర్చున్నట్టే ఉండేది. ఆ కుర్రాడికి ఫోన్ చేసి తిరిగి ఇచ్చేస్తావా అని అడిగాను.

"వద్దు సార్, దాని బిరడా ఎప్పుడు జారుతుందో నాకు ముందే తెలిసిపోతోంది."

ఇంకేం మాట్లాడతాం?

వదలలేని దాన్ని మర్చిపోవడం కూడా జరుగుతుంది. మూడో ఏడాదిలో ఒక సాయంత్రం ఏడో నంబరుని బస్సు సీటు మీద వదిలేసి దిగిపోయాను. బస్సు మలుపు తిరిగాక భుజం తేలిగ్గా ఉందని తెలిసింది. తర్వాతి స్టాపు దాకా పరిగెత్తాను. కండక్టర్ గారు పెట్టెని పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. చాన్నాళ్ళు ఆ సిగ్గు పోలేదు. తర్వాత 1999లో యో-యో మా అంతటి పేరున్న చెల్లో విద్వాంసుడు న్యూయార్క్‌లో టాక్సీ డిక్కీలో తన చెల్లోని, అంటే ఫిడేలుకి పెద్దన్న లాంటి వాద్యాన్ని, మర్చిపోయి దిగిపోయాడని పేపర్లో చదివాను. 1733లో వెనిస్‌లో మొంటన్యానా అనే పనివాడు చేసిన చెల్లో. మనిషంత ఉంటుంది. అదే రోజు పోలీసులు వెతికి తెచ్చిచ్చారు. పేపరు మడిచి పెట్టేసి, చాలా ఏళ్ళ తర్వాత ఆ రోజు ప్రశాంతంగా నిద్రపోయాను.

మొన్న పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు మీరంతా ఫొటోల దగ్గర ఉంటే నేను మెల్లగా వయొలిన్ గదికి వెళ్ళాను. బీరువా మారింది, ఇప్పుడు ఇనపది. పెట్టెల మీద అంకెలకి మళ్ళీ పెయింటు వేశారు. ఏడు ఉంది. నేల మీద కూర్చుని ఫిడేలు తల కుడి చీలమండ మీద ఆనించుకున్నాను. తీగలు సరిచేసి సరళి స్వరాలు ఎత్తుకున్నాను. స, రి, గ. మధ్యమం దగ్గర వేలు తనంతట తానే ఊగింది. ఆపి, నిలిపి వాయించాను. శుభ్రంగా పలికింది. అంచు వెంబడి కణుపుతో కొట్టుకుంటూ వచ్చాను. టక్, టక్, టక్, నడుము దగ్గర కూడా టక్. ఎవరో ఎప్పుడో అతికించేశారు. పని బాగా చేశారు, అతుకు ఎక్కడో కూడా కనపడటం లేదు. మళ్ళీ మళ్ళీ మధ్యమమే వాయిస్తూ కూర్చున్నాను.

తలెత్తితే గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో స్వరాల పుస్తకం. ఎంతసేపటి నుంచి ఉందో.

"సార్, అది నాది. ప్రాక్టీసు చేసుకోవాలి."

ఇచ్చేశాను. ఊరుకోలేక, మధ్యమం బాగా పలుకుతోందమ్మా ఇప్పుడు అన్నాను. ఆ అమ్మాయి కొంచెం ఆశ్చర్యంగా చూసింది. "మధ్యమానికేం సార్? నిషాదం దగ్గరే కొంచెం గరగర. మీకు వినపడలేదా?"

లేదు, నాకు వినపడలేదు. ఆ అమ్మాయి నేల మీద కూర్చుని, పెట్టెలోంచి చిన్న గుడ్డ తీసి, నా వేళ్ళు పడిన చోటల్లా తీగలు తుడుచుకుంది.