బుల్లెట్ స్లో మీద ఏడో ఆదివారం: కిట్టా, కొత్త కార్బొరేటరా?

ఈ ఆదివారంతో ఏడు వారాలు నిండాయి; 1989 నాటి మా మామయ్య బుల్లెట్ 350 ఇప్పటికీ స్లో (యాక్సిలరేటర్ వదిలేసినప్పటి నెమ్మది వేగం) మీద నిలబడడం లేదు. పాయింట్లు (నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు), టైమింగ్, క్లచ్ కేబుల్ అన్నీ సరిగ్గా కుదిరాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి నెమ్మదిగా, ముచ్చటగా కొట్టుకుంటుంది. అనంతపురం నుంచి పామిడి దగ్గరి పెన్న వంతెన దాకా వెళ్లి వచ్చేసరికి మాత్రం, స్లోను సరిచేసే ఐడిల్ స్క్రూను పూర్తిగా వెనక్కి తిప్పేసినా ఇంజన్ వేగం నిమిషానికి 1,450 చుట్ల కంటే కిందికి దిగదు. (ప్లగ్ వైరుకు తగిలించే చిన్న మీటరుతో కొలిచిన సంఖ్య ఇది. ఈ ఇంజన్‌లో రెండు చుట్లకు ఒకసారే నిప్పురవ్వ పడుతుందన్న సంగతి మీటరుకు చెప్పడం మరిచి, సగం సంఖ్యను నమ్మి ఒక సాయంత్రం వృథా చేసుకున్నాను.)

పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ మిక్‌కార్బ్ వీఎం24. పెట్రోలును కొలిచి వదిలే జెట్లలో, స్లోకు పనిచేసే పైలట్ జెట్ 25 నంబరు, ఎక్కువ వేగానికి పనిచేసే మెయిన్ జెట్ 90. మొదట అందరిలాగే 350 రూపాయల రిపేరు కిట్టు (ప్యాకింగులు, జెట్లు ఉండే పొట్లం) వేశాను. అందులోని ప్యాకింగులు పరవాలేదు కానీ, ఇత్తడి జెట్ల రంధ్రాలు భూతద్దంలో చూస్తే అంచులు గరుకుగా కనిపించాయి కాబట్టి పాత జెట్లనే కడిగి తిరిగి బిగించాను. తెలియని కిట్టులోని కొత్త జెట్టు కంటే శుభ్రం చేసిన అసలు జెట్టే మేలని నా అభిప్రాయం. బండి తీరు మారలేదు. స్లోలో గాలి పాలును సరిచేసే ఎయిర్ స్క్రూను అర చుట్టు నుంచి మూడు చుట్ల దాకా ఎక్కడ నిలిపినా ఇంజన్ పట్టించుకోలేదు. అంటే పైలట్ దారి మూసుకుపోయి ఉండాలి, లేదా గాలి మరో దారిన దూరుతూ ఉండాలి. పైలట్ దారిలో క్లీనర్ స్ప్రే కొడితే ధార అవతలికి నేరుగా వచ్చింది కాబట్టి, రెండో అనుమానమే మిగిలింది.

కార్బొరేటర్‌ను ఇంజన్‌కు బిగించే ఫ్లాంజ్ మీద ఉక్కు స్కేలు ఆనించి చూస్తే నడుమ 0.15 మిల్లీమీటర్ల సందు కనిపించింది. ఎవరో నట్లను అతిగా బిగించి దాని చెవులను వంచేశారు. అద్దం మీద 320, తర్వాత 600 నంబరు నీటి ఎమెరీ పేపరు పరిచి, గంటసేపు రుద్ది చదును చేశాను. ఇంజన్ నడుస్తుండగా ఆ అతుకు చుట్టూ స్ప్రే కొట్టినా వేగంలో తేడా లేదు కనుక అక్కడ లీకు పోయినట్టే. అయినా వేడెక్కాక మీటరు మళ్లీ 1,400 చూపించింది. యాక్సిలరేటర్ కేబుల్‌కు రెండు మిల్లీమీటర్ల వదులు ఉంది, హ్యాండిల్ ఇటూ అటూ తిప్పినా వేగం మారడం లేదు. కాబట్టి కేబుల్ తప్పూ కాదు.

చివరికి, కార్బొరేటర్‌లో పైకీ కిందికీ కదిలి గాలిని వదిలే స్లైడ్ మీద పలచగా గ్రీజు రాసి బిగించాను. వేగం 1,000కి దిగి, నాలుగు నిమిషాలు అక్కడే నిలిచి, పెట్రోలు ఆ గ్రీజును కడిగేయగానే మళ్లీ పైకి ఎక్కింది. గ్రీజు మూసిన ఆ సందులోంచే గాలి దూరుతోందనడానికి ఏడు వారాల్లో నాకు దొరికిన నికరమైన సాక్ష్యం ఇదొక్కటే. సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే స్లైడ్ పైభాగంలో 0.05 మిల్లీమీటర్ల రేకు కష్టంగా దూరింది, అడుగున 0.25 రేకు సునాయాసంగా పోయింది. స్లైడ్‌ను గాలి పారే దిశలోనూ, దానికి అడ్డంగానూ వెర్నియర్‌తో కొలిస్తే తేడా, అంటే స్లైడ్ అరుగుదల, 0.12. అంటే 450 రూపాయలకు కొత్త స్లైడ్ వేసినా ఇంకా 0.13 సందు మిగులుతుంది, ఎందుకంటే పాత స్లైడ్‌తో పాటు బాడీ కూడా అరిగింది. ఈ బండి ఏళ్ల తరబడి నార్పల దగ్గర వేరుశనగ చేల దారుల్లో, గాలి ఫిల్టర్ డబ్బాలో దుమ్మును ఆపే ఎలిమెంట్ లేకుండానే తిరిగింది. ఆ ఎర్రదుమ్మే సానరాయిలా పనిచేసి ఉంటుంది.

లేత్ మేస్త్రీకి చూపిస్తే, బాడీని బోరు చేసి లోపల స్లీవ్ (గొట్టం లాంటి తొడుగు) వేయడానికి 1,200 అడిగాడు కానీ, ఆ బోరు, స్లైడ్‌కున్న సూది దిగే నీడిల్ జెట్‌తో ఒకే గీతలో వస్తుందని పూచీ ఇవ్వలేనన్నాడు. "బాడీనే అరిగిపోయినాక కిట్టు ఏం జేస్తాది సార్, కొత్తది పెట్టుకోండి" అని తనకు రావలసిన పనిని తనే వద్దన్న మనిషి మాటను కాదనలేకపోయాను. కొత్త మిక్‌కార్బ్ 2,600 అన్నారు. నకిలీలు ఉంటాయి కనుక బాడీ మీది పోత అక్షరాలను పాతదానితో పోల్చి చూశాకే డబ్బు ఇస్తాను. పాత నీడిల్‌ను, నీడిల్ జెట్‌ను మాత్రం కొత్తదానిలోకి మార్చను, అవీ అరిగినవే.

కొత్తది బిగించే ముందే ఫిల్టర్ ఎలిమెంట్ వేయాలి. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు, ఇంజన్‌లోకి వెళ్లే గాలి-ఇంధన మిశ్రమాన్ని కొంత పలచన చేస్తుంది కాబట్టి కొంచెం పెద్ద రంధ్రమున్న మెయిన్ జెట్ 95 కూడా తెచ్చుకుంటున్నాను. వచ్చే ఆదివారం 90తో ఒకసారి, 95తో ఒకసారి పామిడి దాకా వెళ్లి, ఎక్కువ వేగం మీదే ఇంజన్ ఆపేసి, మిశ్రమం ఎలా ఉందో తెలియడానికి ప్లగ్ రంగు చూస్తాను. పాత చోక్ ప్లంజర్ రబ్బరు ఉబ్బిపోయి ఉంది, పెట్రోలు గొట్టమేమో గట్టిపడింది. కాబట్టి ఆ గొట్టాన్ని కూడా అప్పుడే మారుస్తాను.