విజిల్ మనిషికి కూలి ఎందుకన్నారు: పట్టాల పక్క పనిలో నా అనుభవం

పాకాల దగ్గర రైలు పట్టాల పక్కన కాలువ పని మొన్ననే ముగిసింది. ఒక కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరుగా చేశాను. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు, అంటే రెండో లైను వేయడానికి, 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది. కాబట్టి మన వైపు కుర్రాళ్ళు ఇలాంటి పనులకు ఇంకా చాలామంది వస్తారు, వాళ్ళ కోసం కోపం చల్లారకముందే రాస్తున్నాను.

పట్టాల పక్క పని చేయించడానికి కావాల్సిన అర్హత పత్రం, కాంపిటెన్సీ సర్టిఫికెట్‌తో ఇబ్బంది లేదు. రైల్వే వాళ్ళు నియమాలు చెప్పి, ప్రశ్నలడిగి ఇచ్చారు. హెల్మెట్లు, మెరిసే జాకెట్లు కూడా టైముకే వచ్చాయి.

గొడవంతా లుక్‌ఔట్ మ్యాన్ దగ్గర. రైలు వస్తోందా అని చూసి విజిల్ ఊదడం తప్ప అతనికి ఇంకో పని చెప్పకూడదు. మా మేనేజరు వచ్చి అతని చేతికి పార ఇచ్చేశాడు. నేను అడ్డం పోతే కూలోళ్ళందరి ముందు, ఆడవాళ్ళు కూడా ఉండగా, "ఏమయ్యా, ఊరికే నిలబడేవాడికి కూలి నీ జేబులోంచి ఇస్తావా? రైలొస్తే వీళ్ళకు కళ్ళు లేవా? అంత భయమైతే ఇంట్లో కూర్చో" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. మా నాయన కూడా నన్ను అంత మాట అనలేదు.

కళ్ళుంటే చాలదు. గంటకు 100 కిలోమీటర్లతో వచ్చే బండి సెకనుకు 28 మీటర్లు దాటుతుంది, కిలోమీటరు దూరంలో కనబడితే మనకు మిగిలేది 36 సెకన్లు. పక్కన జేసీబీ మోగుతుంటే కరెంటు ఇంజను చప్పుడు వినబడదు. వంగి మట్టి తోడే మనిషి తలెత్తి, తట్ట దించి, పక్కకు జరగాలి. మలుపులో అయితే ఆ 36 సెకన్లు కూడా ఉండవు.

మనుషులందరినీ పట్టాలకు దూరంగా కూర్చోబెట్టాను. రైల్వే సూపర్‌వైజరు వచ్చాక విషయం చెబితే, లుక్‌ఔట్ లేకుండా పార కదలకూడదని సైటు రిజిస్టరులో రాశారు. మేనేజరు ఫోన్లో ఎవరెవరితోనో అరిచాడు. చివరికి విజిల్ మనిషి పేరు మస్టర్‌లో, అంటే కూలోళ్ళ హాజరు పుస్తకంలో, ఎక్కింది. అందుకే చెబుతున్నా, నోటి మాట నమ్మవద్దు, రాతలో పెట్టించండి. ముఖ్యంగా కారు దిగకుండా సైటు చూసిపోయే మేనేజర్ల దగ్గర.

దూరాల సంగతి మేస్త్రీకి కూడా తెలియాలి. ట్రాక్ మధ్య నుంచి 6 మీటర్ల లోపలికి రైల్వే మనిషి లేకుండా లారీ, జేసీబీ లాంటి బండి తేకూడదు. 3.5 మీటర్ల లోపలికి పోవాలంటే లైన్ బ్లాక్, అంటే ఆ లైన్లో రైళ్ళు ఆపి పనికి ఇచ్చే టైము, దొరకాల్సిందే. పైన 25,000 వోల్టుల తీగ ఉంది కాబట్టి పొడుగు కడ్డీలు నిలబెట్టి మోయొద్దు.

అక్కడి కీమ్యాన్ అన్న, అంటే రోజూ పట్టాల వెంట నడిచి చూసే రైల్వే మనిషి, ఇంకోటి నేర్పించాడు. పట్టా దెబ్బతిని బండిని ఆపాల్సి వస్తే 600 మీటర్ల దూరంలో పట్టాలకు అడ్డంగా ఎర్ర గుడ్డ, బ్యానర్ ఫ్లాగ్, కడతారు, 1200 మీటర్ల దగ్గర పట్టా మీద పదేసి మీటర్ల ఎడంలో మూడు డిటోనేటర్లు (చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించేవి) పెడతారు. మన కూలోళ్ళకు ఆ పని చెప్పకండి, కానీ అవి కనబడితే తాకకూడదని పని మొదలయ్యే రోజే చెప్పండి.

మా ముఠాలో ఒక్కరికి గీత కూడా పడలేదు, గర్వంగానే చెబుతున్నాను. విజిల్ మనిషి కూలి మాత్రం ఇంకా సగం బాకీ ఉంది. మస్టర్ కాపీ నా దగ్గరుంది, సోమవారం అది పట్టుకుని లేబర్ ఆఫీసుకు పోతున్నాం.