పదో తరగతి దాటాక కూడా పిల్లల చేతిలో మిగిలేది ఏది?

మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి పరికరాలు వచ్చి చేరాయి. 2017లో ఆన్‌లైన్ పాఠాల కోసం దీక్ష వేదిక మొదలైంది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అచ్చయ్యాయి, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు, చాలా తరగతి గదుల్లో నల్లబల్ల పక్కన ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) వెలుగుతోంది. అయితే విశాఖపట్నంలో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిగా ఏ సాధనాన్ని చూసినా నేను ముందు వేసుకునే ప్రశ్న వేరు: బడి వదిలి వెళ్లాక పిల్లలు దీన్ని తమంతట తాము తెరుస్తారా? పాఠాన్ని వీడియోగా ప్యానెల్ మీద చూపిస్తే ఆ పూటకు అది సులువుగా అర్థం కావచ్చు గాని, ఎవరో ఒకరు చెబితే తప్ప నేర్చుకోలేమన్న అలవాటు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఈ లెక్కన నాకు అన్నిటికన్నా అక్కరకు వచ్చింది ఐనాచురలిస్ట్ అనే ఉచిత యాప్. 2008లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ వేదికలో మనం చూసిన మొక్క, పురుగు, పీత ఏదైనా సరే ఫోటో తీసి, చూసిన చోటు, తేదీతో సహా చేర్చవచ్చు. రుషికొండ, జోడుగుళ్లపాలెం వైపు రాళ్లున్న తీరంలో ఆటు వేళ నీరు వెనక్కి తగ్గితే రాళ్ల సందుల్లో గుంటలు మిగులుతాయి. వాటిలో పీతలు, నత్తలు, పువ్వుల్లా కనిపించే సముద్రపు ఎనిమోన్లు అనే ప్రాణులు కనిపిస్తాయి. ఫోటో పెట్టగానే యాప్ ఒక పేరు సూచిస్తుంది, కాని అసలు చదువు ఆ తర్వాతే మొదలవుతుంది. ఎక్కడో ఉన్న మరొకరు ఆ పేరు కాదని ఇంకో పేరు చెబుతారు. జాతి పేరు మీద కనీసం ఇద్దరు ఏకీభవించి, అభిప్రాయాలు చీలినప్పుడు మూడింట రెండు వంతులకు మించి ఒకే వైపు ఉంటే గాని ఆ నమోదుకు ‘పరిశోధన స్థాయి’ అనే గుర్తింపు దక్కదు. యంత్రం చెప్పినదాన్నీ పెద్దలు చెప్పినదాన్నీ ఆధారం అడిగి మరీ ఒప్పుకోవాలని పిల్లలు అక్కడ గ్రహించినంత తేటగా నా ఉపన్యాసాల వల్ల ఏనాడూ గ్రహించలేదు.

తీరానికి ఎప్పుడు వెళ్లాలో కూడా పిల్లలే తేల్చుకోవాలి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, మరునాటికి అవి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఆటుపోట్ల వివరాలనే కాక, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సూచనలను కూడా మత్స్యకారుల కోసం విడుదల చేస్తుంది. పెదజాలరిపేట నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో ఇదంతా తిథులను బట్టి నోటి లెక్కగా తెలిసిన విషయమే. ఆ లెక్కనూ తెర మీది పట్టికనూ పక్కపక్కన పెట్టి ఏది ఎంతవరకు సరిపోయిందో చూడమంటే, వెనక బెంచీలో మౌనంగా కూర్చునే వాళ్లే ఆ రోజు తరగతిని నడిపిస్తారు. ప్రాణులకు ఇంట్లో వాడే తెలుగు పేర్లను నమోదు కింద వ్యాఖ్యగా రాయమంటాను. నేను చదివిన పుస్తకాల్లో కనిపించని పేర్లు కొన్ని అలా నాకూ తెలిశాయి.

జాగ్రత్తలు లేకపోలేదు. 13 ఏళ్లలోపు పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా అందులో ఖాతా తెరవకూడదు కనుక చిన్న తరగతుల నమోదులన్నీ నా ఖాతాలోనే చేరతాయి. ఇంటి పరిసరాల్లో తీసిన ఫోటోలకు చోటును అస్పష్టంగా చూపే ఏర్పాటును తప్పక వాడాలి. ఎత్తిన రాయిని మళ్లీ ఉన్నచోటే పెట్టాలన్న నియమానికి ఏ యాప్ అవసరమూ లేదు.

భౌతికశాస్త్రం చెప్పేవారికి తెర మీదే చేసి చూసే ఫెట్ ప్రయోగాలున్నాయి, అవి అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారివి. చాలావాటికి తెలుగు రూపాలున్నాయి, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. మీట నొక్కే ముందు ఏమి జరుగుతుందో పిల్లల చేత నోట్సులో రాయించకపోతే మాత్రం అవి వట్టి ఆటబొమ్మలే.

చివరగా, ఎవరూ అంతగా పట్టించుకోని ఒక విషయం. బడి ఇచ్చిన ఐడీతోనో, నాన్న ఫోన్ నంబరుతోనో తెరిచిన ఖాతా పదో తరగతి అయ్యాక పిల్లల చేతిలో మిగులుతుందన్న భరోసా లేదు, అందులోని నమోదులూ సగంలో ఆగిన కోర్సులూ దానితోపాటే పోతాయి. అందుకే పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ముందే, తల్లిదండ్రులకు తెలియజేసి, ప్రతి విద్యార్థి చేత సొంత ఈమెయిల్ తెరిపించి, పాస్‌వర్డును ఇంట్లో భద్రంగా ఉండే పుస్తకంలో రాయించి, తర్వాత ‘స్వయం’ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఉచితంగా చదువుకోగలిగే ఒక కోర్సులో ఎవరి ఖాతాతో వాళ్లను చేర్పిస్తున్నాను. ఏ కోర్సు అన్నది వాళ్ల ఇష్టం. సిలబస్‌తో సంబంధం ఉండకూడదన్నది ఒక్కటే నా షరతు.