సొరుగుల పెట్టె పురోగతి: మూడో సొరుగు ఇంకా మొండికేస్తోంది

నాలుగు సొరుగులు ఒక వేలితో తోస్తే చివరిదాకా జారిపోతున్నాయి. మూడోది మాత్రం పట్టేస్తోంది. సగందాకా హాయిగా వెళ్తుంది, లోపల ఇంకో 200 మిల్లీమీటర్లు మిగిలి ఉండగా బిగుసుకోవడం మొదలవుతుంది. చివరి 80లో అరచేయి ఆనించి గట్టిగా నెట్టాలి. చేయి తీయగానే 6 మిల్లీమీటర్లు బయటికి తోసుకొస్తుంది. ఇంత శ్రద్ధగా చేసిన పెట్టెలో సరిగ్గా నడిమి సొరుగు మూతి ముందుకు పెట్టుకుని నిలబడితే ఎంత చిరాకో, సొరుగులు చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ముందు పని పంపకం సంగతి. రెండు గోడల మధ్య ఖాళీలో 1,100 మిల్లీమీటర్ల ఎత్తున (ఇక్కడి కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే) సొరుగుల పెట్టె, దాని మీద తలుపులున్న అర. పెట్టె కోయడం, నిలబెట్టడం, గోడకు బిగించడం వడ్రంగి మేస్త్రి పని. సొరుగులు, తలుపులు, రంగు నా పని. పూర్తి ప్లైవుడ్ పలక 2,440 × 1,220 ఉంటుంది, 18 మిల్లీమీటర్ల మందంలో ముప్పై కిలోల పైమాటే. దాన్ని ఒంటరిగా పట్టుకుని తిన్నగా కోయడం చిన్న గదిలో కుదిరే పని కాదు. గోడకు బిగించేటప్పుడూ రెండు జతల చేతులు కావాలి. సొరుగులంటారా, అవి నాకు ఇష్టమైన పని, ఇంకొకరికి ఇవ్వను.

మేస్త్రిని కుదుర్చుకునేటప్పుడు గుత్తకా, రోజుకూలికా అన్న చర్చ వచ్చింది. ఇలాంటి పనికి నా ఓటు రోజుకూలికే. ఒకే కొలతలో పది కిటికీ రెక్కలు చేయించాలంటే గుత్త మంచిది, ఇద్దరికీ లెక్క ముందే తెలుస్తుంది. కానీ గోడల మధ్య ఇరికించే పనిలో లోపల ఏం దాగి ఉందో ఎవరికీ తెలియదు. గుత్తకు ఒప్పుకున్న మనిషిని రెండు మిల్లీమీటర్ల తేడా వెతకడానికి పూటంతా కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఇంకో షరతు కూడా ముందే మాట్లాడుకున్నాం: సొరుగులు జారే లోహపు చానళ్లు, తలుపుల కీళ్లు, స్క్రూలు అన్నీ నేను ముందే తెచ్చి చేతిలో పెట్టాలి, ఆ తర్వాతే పలక మీద రంపం పడాలి. ఈ షరతు మేస్త్రి పెట్టిందే. సామాను చేతిలో లేకుండా పెట్టె కోయించుకున్న ఇళ్లలో తర్వాత ఎన్ని సర్దుబాట్లు చేయాల్సివస్తుందో ఆయనకు బాగా తెలుసు.

ఆయన పనితీరులో నన్ను బాగా ఆకట్టుకున్నది కొలత బద్ద. టేపుతో ఒక్కసారే కొలిచి, పొడవాటి సన్నని బద్ద మీద అయిదు సొరుగుల ఎత్తులూ పెన్సిలు గీతలుగా పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇక అంకెల జోలికి పోలేదు. అదే బద్దను ఎడమ పలకకు ఆనించి గీతలు, కుడి పలకకు ఆనించి గీతలు. కుడిఎడమల ఎత్తులు తేడా వచ్చే అవకాశమే లేదు. లేజర్ మట్టం ఉన్నా సరే, ఇకమీదట నా పనులన్నిటికీ ఈ బద్దే.

ఇప్పుడు మూడో సొరుగు. నా దగ్గర ఉన్న కొలతలన్నీ పెడుతున్నాను, ఎవరికైనా వేరే ఆలోచన తడితే చెప్పండి.

పెట్టె లోపలి వెడల్పు 564. చానళ్లు 45 ఎత్తు, 500 పొడవు ఉన్న మామూలు బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ రకం. ఒక్కో పక్క 12.7 ఖాళీ కావాలి. అంతకు తగ్గితే ఒప్పుకోదు, అర మిల్లీమీటరు పెరిగితే సర్దుకుంటుంది. అంటే రెండు పక్కలా కలిపి కనీసం 25.4. అందుకే సొరుగుల బయటి వెడల్పు 538 పెట్టాను, 26 ఖాళీ మిగిలింది. సొరుగు పక్కలు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అడుగు 6 మిల్లీమీటర్లది గాడిలో కూర్చుంది.

మొదటి అనుమానం చానల్ మీదే. గోళీల వరసలో చెత్త ఇరుక్కున్నా, పట్టీ కాస్త వంగినా ఇలాగే పట్టేస్తుంది. రెండో సొరుగు చానళ్లు విప్పి ఇక్కడ బిగించాను, ఇక్కడివి అక్కడ బిగించాను. అక్కడ జారింది, ఇక్కడ పట్టేసింది. చానల్ నిర్దోషి.

రెండో అనుమానం సొరుగు మూలమట్టానికి లేదేమోనని. మూల నుంచి మూలకు కొలిస్తే ఒకటి 734, ఇంకొకటి 735. ఆ ఒక్క మిల్లీమీటరుతో ఇంత బిగుతు రాదు. అయినా రూఢి చేసుకోవడానికి మూడో సొరుగును రెండో చోట పెట్టాను: వెన్నలా జారింది. రెండోదాన్ని మూడో చోట పెట్టాను: అదే మొండితనం. లోపం సొరుగులో లేదు, అది కూర్చునే చోటులోనే ఉంది.

మూడోది, ఎత్తుల తేడా. రసమట్టం పెట్టి చూశాను, అడుగు నుంచి కొలిచి చూశాను. ముందూ వెనకా, కుడీ ఎడమా అన్నీ సమానమే. కొలత బద్ద పుణ్యం. నాలుగోది, తేమ. నిండు చెక్క అయితే వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, కానీ ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి వెడల్పులో పెద్దగా మారదు. పైగా ఎండ కాసిన రోజూ, ముసురు పట్టిన రోజూ బిగుతు ఒకేలా ఉంది.

మిగిలింది వెడల్పే. ఇక్కడ టేపు పనికిరాలేదు. క్లాస్ 2 అనే కచ్చితత్వ తరగతి టేపుకు మీటరులో అర మిల్లీమీటరు తేడా అనుమతే ఉంది, పైగా లోపలి కొలతకు టేపును మూలలో వంచి చదవాలి. చివరి కొక్కెం కదులుతుందని కొందరు దాన్ని సుత్తితో బిగిస్తారు, దయచేసి ఆ పని చేయకండి. లోపలి కొలతకూ బయటి కొలతకూ కొక్కెం మందం సరిపోయేలా అది కావాలనే వదులుగా ఉంటుంది. నేను రెండు సన్నని పుల్లల్ని పక్కపక్కన పట్టుకుని, రెండు పలకలకూ ఆనేదాకా జరిపి, క్లిప్పుతో బిగించి బయటికి తీసి కొలిచాను. ఇందులో చదవడంలో పొరపాటుకు చోటు లేదు.

మూడో సొరుగు ఎత్తులో ముందు అంచు దగ్గర 564. లోపలికి 250 వెళ్లాక 563. వెనక చివర 561.5. అంటే అక్కడ మిగిలిన ఖాళీ 23.5 మాత్రమే, కావాల్సిన దానికి దాదాపు రెండు మిల్లీమీటర్లు తక్కువ. మిగతా చోట్ల? రెండో సొరుగు వెనక 563.6, నాలుగోదాని వెనక 563.4, పైనా కిందా కచ్చితంగా 564. అవన్నీ గట్టెక్కాయి, మూడోది ఒక్కటే చిక్కుకుంది. తిన్నని అల్యూమినియం పట్టీని కుడి పలక వెనక భాగానికి నిలువుగా ఆనిస్తే నడిమిలో తగిలి, పైనా కిందా 2.5 సందు కనిపించింది. పలక లోపలికి పొట్ట పెట్టింది.

మేస్త్రిని పిలిచాను. ఆయన కొలతల కాగితం చూడలేదు. కుడి పలక మీద వేలి కణుపులతో పై నుంచి కిందికి తడుతూ వచ్చారు. బోలుగా, బోలుగా మోగుతూ వచ్చి మూడో సొరుగు వెనక ఠక్కున మొద్దు శబ్దం వచ్చింది. అక్కడే వేలు ఆపారు.

“గోడే పొట్ట పెట్టిందండీ. ఇక్కడ సందు తక్కువ, చీలిక ఎక్కువ.”

సంగతి ఇదీ. కుడి పలకకూ గోడకూ మధ్య సందు అంతటా 8 మిల్లీమీటర్లు. ప్రతి సొరుగు ఎత్తులోనూ ఆ సందులో ఒక చెక్క చీలిక దూర్చి, దాని గుండా గోడలోకి స్క్రూ బిగించాం. మూడో సొరుగు వెనక మాత్రం గోడ పూత ముందుకు ఉబ్బి సందు 3కు తగ్గింది. అంతటా ఒకే బిగువున చీలిక దిగింది కాబట్టి ఇక్కడ అది పలకను లోపలికి తోసింది. ఆ చోటు ముందు నుంచి కంటికి కనబడదు, పలక నిలబెట్టాక వెనక్కి చేయి పోదు. ఇలాంటి ఖాళీలు ఉన్నవాళ్లు పెట్టె నిలబెట్టక ముందే తిన్నని పొడవాటి బద్దను రెండు గోడల మీదా ప్రతి అడుగుకూ ఆనించి, ఉబ్బు ఉన్నచోట గోడ మీదే పెన్సిలుతో గుర్తు పెట్టించండి. సున్నం వేసిన గోడ కంటికి ఎంత నున్నగా ఉన్నా సరే.

ముందు ఆ స్క్రూ తీశాం. పుల్లలతో కొలిస్తే మళ్లీ 561.5. అదీ సబబే: స్క్రూ పలకను గోడవైపు లాగుతుంది, లోపలికి తోస్తున్నది చీలిక. ముందు అంచు దగ్గర గోడ సందును కప్పే పట్టీ ఇంకా వేయలేదు కాబట్టి సందులోకి దారి ఉంది. మేస్త్రి ఇనుప రంపం బ్లేడును పిడి లేకుండా, ఒక చివర గుడ్డ చుట్టి, సందులోంచి లోపలికి పంపారు. ఆ బ్లేడు పొట్టిది, అందుకని దాన్ని సన్నని ఇనుప పట్టీకి తీగతో కట్టారు. ముందుకూ వెనక్కూ లాగుతుంటే గోడ పొడి, చెక్క పొడి కలిసి కింద రాలాయి. కాసేపటికి పలక టప్పుమని కదిలిన చప్పుడు వినిపించింది. కొలిస్తే 563.

అరచేత్తో నెట్టాల్సిన అవసరం పోయింది. కానీ ఖాళీ ఇంకా 25 మాత్రమే, 0.4 తక్కువ. చివరి 40 మిల్లీమీటర్లలో సన్నగా రాసుకుంటుంది, 2 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. ఇన్నాళ్లూ వంగి ఉన్న పలకకు ఆ వంపు కొంత అలవాటైందని నా ఊహ. తెగిన చీలిక ముక్క గోడ పూతకు అంటుకుని ఇంకా ఆనుతోందని మేస్త్రి ఊహ. స్క్రూను మళ్లీ బిగించి పలకను గోడవైపు లాగుదామని చూశాం. ఉబ్బిన పూత పెళుసుగా ఉంది, లోపలి ప్లాస్టిక్ తొడుగు స్క్రూతోపాటే గిర్రున తిరిగింది. దానివల్ల లాభం లేదు.

ఇక్కడ మా ఇద్దరికీ కాస్త వాదన జరిగింది. సొరుగు పక్కకు వెనక భాగంలో అర మిల్లీమీటరు చిత్రిక పట్టేస్తే పని అయిపోతుందని ఆయన అభిప్రాయం.

“అయిదు నిమిషాల పనండీ. చానల్ కింద ఎవరికి కనబడుతుంది?”

“కనబడదు మేస్త్రీ, కానీ పై పొర అర మిల్లీమీటరే ఉంటుంది. అది పోతే కింద అడ్డపొర బయటపడుతుంది. స్క్రూ పట్టేది కూడా ఆ పన్నెండు మిల్లీమీటర్లలోనే కదా.”

ఆయన చెప్పినదీ తప్పు కాదు, ఎన్నో ఇళ్లలో అలాగే నడుస్తోంది. కానీ పెట్టెలో ఉన్న వంకరకు తిన్నగా ఉన్న సొరుగును చెక్కడం నాకు మనసొప్పలేదు. రేపు ఈ సొరుగును ఇంకో చోట పెట్టాలంటే వదులవుతుంది. అయిదూ ఒకదాని చోట ఇంకొకటి పట్టేలా ఉండాలన్నదే మొదటి నుంచీ నా పట్టుదల. రెండో మార్గంగా చానల్ వెనక చివర కూర్చునేచోట పెట్టె పలకనే ఉలితో అర మిల్లీమీటరు లోతు తీయవచ్చు. 18 మిల్లీమీటర్ల పలకకు అది లెక్కలోది కాదు. కాకపోతే 500 లోపలికి చేయి పెట్టి చదునుగా ఉలి నడపడం కష్టం, అక్కడ రౌటర్ (చెక్కలో గాడులు తీసే యంత్రం) పట్టదు.

చివరికి కుదిరిన ఆలోచన వేరు. పెట్టె లోతు 560, సొరుగు 500. వెనక పలక పోగా సొరుగు వెనక యాభై దాకా ఖాళీ ఉంది. అక్కడ రెండు పక్క పలకల మధ్య 18 మందం, 50 వెడల్పు ఉన్న అడ్డబద్ద బిగుతుగా దూర్చితే అది కుడి పలకను గోడవైపు తోసి నిలబెడుతుంది. చీలిక తెగింది కాబట్టి పలక వెళ్లడానికి ఇప్పుడు చోటు ఉంది. ఎడమ పలక వెనక గోడ తిన్నగా ఉంది, చీలికలు గట్టిగా ఆనాయి, అటు కదలదు. మేస్త్రి కూడా కాసేపు ఆలోచించి ఇదే మేలన్నారు.

మిగతా పురోగతి: పై అర తలుపులు రెండూ ఎక్కాయి, మధ్య సందు అంతటా 3. కీళ్లు బ్లమ్ వాళ్లవి, తలుపులో 35 వెడల్పు గుండ్రటి గుంతలో కూర్చునే రకం. మూడు వైపులా స్క్రూతో సరిచేసుకునే వీలు ఉండటం వల్ల తలుపు దింపకుండానే సందు కుదిరింది, ఈ విషయంలో ఖర్చుకు వెనకాడవద్దు. అంచు పట్టీలు అతికాయి. జిగురు టైట్‌బాండ్ వాడాను, మామూలు తెల్ల జిగురు కంటే ఆరాక గరుకు కాగితానికి శుభ్రంగా లొంగుతుంది, కాగితాన్ని జిడ్డు చేయదు. డ్రిల్లు బాష్ వాళ్ల నీలం రకం. ఇంటి పనులకు ఆకుపచ్చ రకం చాలంటారు, గోడ పని ఉంటే నేను నీలమే చెబుతాను. ప్లైవుడ్ కొనేవాళ్లకు ఒక మాట: 18 అని అమ్మేది కొలిస్తే తరచుగా 17.5కు అటూ ఇటూ ఉంటుంది. గాడులు, లోపలి వెడల్పులు ఆ అసలు మందంతోనే లెక్క కట్టండి.

మేస్త్రి ఇంకోసారి రావాల్సింది కప్పే పట్టీ కోసం. గోడ ఉబ్బుకు తగ్గట్టు పట్టీ అంచు గీసి కోయడం ఆయన చేతిలోనే అందంగా వస్తుంది. మాట్లాడుకున్న కూలీలో చివరి భాగం ఆ పట్టీ పడ్డాక, సొరుగులన్నీ బరువు పెట్టి చూశాక ఇస్తానని మొదటే అనుకున్నాం. ఈ రకం చానళ్లు సాధారణంగా 35 నుంచి 45 కిలోలు మోస్తాయని రాసి ఉంటుంది. నేను ఒక్కో సొరుగులో 20 కిలోల పనిముట్లు పెట్టి వారం వదిలేస్తాను. ఖాళీ సొరుగు జారడం పరీక్ష కిందికి రాదు.

అడ్డబద్దను ముందు 565కు కోస్తాను. ఒక చివర చిత్రికతో ఒక్కో పొర తీస్తూ, ప్రతిసారీ దూర్చి, మూడో సొరుగు వెనక పుల్లలతో కొలుస్తాను. 563.8 దాటి సొరుగు ఆనకుండా జారిన చోట ఆపి, జిగురు లేకుండా రెండు పక్కలా ఒక్కో స్క్రూతో బిగిస్తాను, తర్వాత పలక తన వంపు మానుకుంటే బద్దను తీసేయవచ్చు. అది కుదిరాక పిడుల బదులు సొరుగు పైఅంచులోనే వేళ్లు పట్టే గాడి తీయాలని ఉంది, దానికి రౌటర్ బిట్టు 12 వ్యాసార్థంది సరిపోతుందా, 16ది కావాలా అన్నది ముక్క చెక్క మీద చూడాలి.